భావనారాయణ గారి శాంక్షన్డ్ లోడు

కరెంటు కంపెనీ చైర్మన్ గారికి యాభై రెండో ఏట షుగరొచ్చింది. మామూలు మనిషికి షుగరొస్తే కాఫీలో పంచదార మానేస్తాడు. చైర్మన్ గారికి వస్తే పథకం పుడుతుంది. రిటైరైన ఉద్యోగుల్లో షుగరున్న వాళ్ళందరికీ ఇంటికొక షుగర్ మిషను, నెలకి ముప్పై స్ట్రిప్పులు ఉచితంగా ఇవ్వాలని ఆయన ఉత్తర్వు వేశారు. పథకానికి 'మధురజ్యోతి' అని పేరు పెట్టారు. పనిలో పనిగా కంపెనీ ఆఫీసులన్నింటిలోకీ పంచదార తేవడం నిషేధించారు. అప్పటినుంచి ఆఫీసు టీ కషాయంలా తయారైంది గానీ, మొత్తం మీద ఉత్తర్వు మంచిదే. ఆయన చల్లగా ఉండాలి.

చిక్కల్లా ఆ పథకాన్ని ఎవరు నడపాలన్న దగ్గర వచ్చింది. కంపెనీలో డాక్టర్లు లేరు. ఉన్న ఒక్క కాంపౌండరూ రిటైరై, తనే లబ్ధిదారుడై కూర్చున్నాడు. ప్రతి నెలా ఇంటింటికీ వెళ్ళి అంకెలు రాసుకొచ్చే అనుభవం బిల్లింగు విభాగానికి ఒక్కదానికే ఉంది కనుక ఫైలు అక్కడికి చేరింది. ఆ విభాగానికి వచ్చిన విద్య మొదట్నుంచీ ఒకటే. ఇంట్లోకి వచ్చేది కరెంటైనా, ఒంట్లోకి వచ్చేది చక్కెరైనా వాళ్ళ దృష్టిలో వాడకమే. వాడకమన్నాక కొలవాలి, స్లాబులో పడెయ్యాలి, దొంగతనం జరగకుండా సీలు వెయ్యాలి.

నూజివీడు దగ్గర ఒక చిన్న టౌనులో కాపురముంటున్న ముసునూరు భావనారాయణ గారికి ఈ లోతుపాతులేవీ తెలియవు. ఆయన ఆ కంపెనీలోనే బిల్లుల కౌంటర్లో కూర్చుని, కూర్చుని, రిటైరైన మనిషి. రోజూ పొద్దున ఇన్సులిన్ పొడుచుకుంటారు. పొడుచుకునే ముందు షుగరెంతుందో చూసుకు తీరాలని డాక్టరు గారు మరీ మరీ చెప్పారు.

చూసుకోవడం నోటితో అన్నంత తేలిక కాదు. మిషనుదేముంది, మందుల షాపు వార్షికోత్సవానికి కూడా ఊరికే ఇస్తారు. అసలు బేరం స్ట్రిప్పు దగ్గర ఉంది. ఒక్కో స్ట్రిప్పు హోటల్లో ప్లేటు ఇడ్లీ ఖరీదు. చుక్క రక్తం చాలక 'ఎర్రర్' అని వచ్చిందా, ప్లేటు ఇడ్లీ నేలపాలైందన్నమాటే. పావలా కోడికి ముప్పావలా మసాలా అని ఆయన భార్య శేషారత్నం ఊరికే అనలేదు. ఖర్చు కలిసొస్తుందని భావనారాయణ గారు ఒకసారి కత్తెర తీసుకుని స్ట్రిప్పుని నిలువునా రెండు చేశారు. రెండు ముక్కలూ ఎర్రరే చూపించాయి. దాంతో ఆదివారం మాత్రం చూసుకుని, మిగతా రోజులు దేవుడి మీద భారం వేసి పొడుచుకునేవారు.

అలా భారం వేసిన ఒక బుధవారం, టిఫిన్ ఆలస్యమై, షుగరు పాతాళానికి పోయి, ఆయన బజారులో కూరగాయల బండి మీద పడిపోయారు. పడింది వంకాయల మీద కాబట్టి దెబ్బ తగల్లేదు. కానీ ఆ రోజు చెమటలు కక్కుతూ, తననే గుర్తుపట్టకుండా చూసిన మొగుడి మొహం శేషారత్నానికి నిద్రలో కూడా కనిపించేది. అందుకే నెలకి ముప్పై స్ట్రిప్పులు ఉచితమన్న కబురు విని ఆవిడ చైర్మన్ గారి పేరిట కొబ్బరికాయ కొట్టింది.

మే నెల మొదట్లో ఒకరోజు పొద్దున్నే లైన్‌మన్ ఎల్లమంద నిచ్చెన, డ్రిల్లింగు మిషను, ఇనప పెట్టె మోసుకొచ్చాడు.

"బాబాయ్ గారూ, బోర్డెక్కడ కొట్టమంటారండీ?"

"ఏ బోర్డయ్యా?"

"షుగర్ మిషను బోర్డండి. వరండా గోడకి బయటివైపు, ఐదున్నర అడుగుల ఎత్తున, రీడింగు తీసేవాళ్ళకి కనబడేట్టు ఉండాలంటండి. రూలు."

శేషారత్నం వంటింట్లోంచి వచ్చింది. "అంటే ఈయన రోజూ వీధిలో నిలబడి వేలు పొడుచుకోవాలా?"

"ఔనండి. అందకపోతే స్టూలు మాత్రం మీరే చూసుకోవాలండి."

గోడకి చెక్క కొట్టాడు. చెక్కకి ఇనప పెట్టె బిగించాడు. పెట్టెలో మిషను, మిషను ముందు అద్దం, అడుగున స్ట్రిప్పు దూర్చడానికి సందు. పెట్టె తలుపుకి తీగ చుట్టి సీసం సీలు నొక్కాడు. గోడ మీద ఎర్ర రంగుతో సర్వీసు నంబరు రాశాడు. భావనారాయణ గారికి అది చూస్తే ఏదో పాత చుట్టం ఇంటికొచ్చినట్టు అనిపించింది.

ప్రారంభోత్సవానికి డివిజినల్ ఇంజనీరు త్రివిక్రమరావు గారే స్వయంగా బయల్దేరారని కబురొచ్చింది. ఆయన వచ్చేలోగా జరిగిన ఒక చిన్న విషయం ఇక్కడ చెప్పాలి. భావనారాయణ గారు స్నానాల గది వెనక నిలబడి ఒక రసం మామిడిపండు తిన్నారు. తిన్నారు అనడం కూడా తప్పే. నూజివీడు రసం పండుని ఎవరూ తినరు. అరచేతుల మధ్య మెత్తగా పిసికి, ముచ్చిక కొరికి పారేసి, నోటికి ఆనించి జుర్రుతారు. రసం మోచేతి దాకా కారుతుంది. సగంలో ఉండగా వీధిలో జీపు హారను మోగింది. ఆయన మిగతా సగాన్ని గోడ అవతలకి విసిరేసి, తువ్వాలుకి చేతులు తుడుచుకుని, ఏమీ ఎరగనట్టు ముందుకొచ్చారు.

త్రివిక్రమరావు గారు రిబ్బను కత్తిరించి గొంతు సవరించుకున్నారు. "మధురజ్యోతి పథకం క్రింద ఈ డివిజనులో తొలి సర్వీసును జాతికి అంకితం చేయుచున్నాము. ఇకపై వినియోగదారుని చక్కెర పారదర్శకముగా ఉండును. వినియోగదారుడు తన వ్రేలిని ముందుకు తీసుకురావలసినదిగా కోరుచున్నాము."

భావనారాయణ గారు స్టూలెక్కి వేలు పొడుచుకున్నారు. పరీక్షకి ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలన్నది మిషనుతో వచ్చే కాగితంలో మొట్టమొదటి మాట. వేలికి అంటుకున్న తీపిని కూడా మిషను రక్తంలో తీపి కిందే జమ కట్టేస్తుంది. అద్దం వెనక అంకె వెలిగింది. మూడొందల ఎనభై ఆరు.

"అమ్మో!" అని వీధి వీధంతా గుండె మీద చెయ్యేసుకుంది. శేషారత్నం మొహం పాలిపోయింది.

"భేష్!" అన్నారు త్రివిక్రమరావు గారు. "బలమైన సర్వీసు. నిబంధనల మేరకు తొలి రీడింగే శాంక్షన్డ్ లోడుగా, అనగా మంజూరైన వాడకముగా, నిర్ణయించబడినది. మూడు వందల ఎనభై ఆరు. రాసుకోవయ్యా."

చెయ్యి కడుక్కోలేదు సార్ అని చెప్పడానికి భావనారాయణ గారు నోరు తెరిచారు. చెబితే పండు సంగతి బయటపడుతుంది. పక్కన శేషారత్నం ఉంది. కంపెనీతో వచ్చే చిక్కు ఎప్పుడో వస్తుంది, పెళ్ళాంతో వచ్చేది ఇప్పుడే వస్తుంది. తెరిచిన నోటితో ఆవులించినట్టు నటించి ఊరుకున్నారు.

మర్నాటి నుంచి శేషారత్నం నడుం బిగించింది. ఇంట్లో బియ్యం డబ్బా ఆవిడ కోసం, జొన్నపిండి డబ్బా ఆయన కోసం అయ్యాయి. కాకరకాయ వేపుడు, కాకరకాయ పులుసు, మెంతికూర పప్పు, మళ్ళీ కాకరకాయ. సాయంత్రం చెరుకురసం బండి లేని వీధుల్లో మాత్రమే నడక. భావనారాయణ గారు కుయ్యిమనలేదు. తప్పు చేసినవాడికి నోరెక్కడిది?

రోజూ పొద్దున్నే ఆయన స్టూలెక్కేసరికి వీధిలో జనం కాఫీ గ్లాసులతో సిద్ధంగా ఉండేవారు. ఎదురింటి రిటైర్డు తహసీల్దారు గారు కళ్ళజోడు తుడుచుకుని మరీ చూసేవారు.

"ఇవాళ ఎంతండీ?"

"నూట ముప్పై."

"నిన్నటి మీద పెరిగిందే! రాత్రి ఏం లాగించారేంటి?"

"కాకరకాయండీ."

"అబ్బే, నమ్మమండీ" అని తహసీల్దారు గారు అంకెని పక్కవీధి దాకా చేరవేసేవారు.

నెలాఖరున రీడింగుకొచ్చిన ఎల్లమంద తల గోక్కున్నాడు. "ఇదేంటి బాబాయ్ గారూ, ఇట్టా పడిపోయింది?"

"తగ్గిందయ్యా. మంచిదే కదా?"

"మీకు మంచిదేనండి. మూడొందల ఎనభై ఆరు లోడు తీసుకుని నూట ముప్పై వాడితే కంప్యూటరు ఎర్ర గుర్తు పెడతదండి. వాడకం ఉన్నట్టుండి పడిపోయిందంటే రెండే కారణాలంట. మిషనన్నా నిద్రపోయుండాలి, దొంగతనమన్నా జరుగుతుండాలి." గొంతు తగ్గించి, "మధ్యలో నాలుగు రోజులు మీ తలుపు తాళమేసుంది కదండీ, దానికి డోర్ లాక్ అని రాశాను. ఆ నాలుగు రోజులకీ సగటు షుగరేసేస్తారు."

"మా మరదలి గృహప్రవేశానికి వెళ్ళామయ్యా. మనిషే లేకపోతే షుగరెక్కణ్ణించి వస్తుంది?"

"ఇల్లుంది కదండీ" అన్నాడు ఎల్లమంద.

కౌంటర్లో కూర్చున్న రోజుల్లో భావనారాయణ గారే ఈ జవాబు ఎందరికో చెప్పి ఉన్నారు.

వారం తిరక్కుండా వీధిలోకి రెండు జీపులొచ్చాయి. మొదటి దాంట్లోంచి త్రివిక్రమరావు గారు, రెండో దాంట్లోంచి నిఘా దళం, వీడియో తీసేవాడు, ఎల్లమంద దిగారు. రాష్ట్రంలోనే తొలి చక్కెర చౌర్యం తన డివిజనులో బయటపడుతోందన్న గర్వం త్రివిక్రమరావు గారి మీసాల్లో కనబడుతోంది.

"విశ్వసనీయ సమాచారం మేరకు, ఈ ఇంటియందు చక్కెర మిషనును తప్పించుకొని అనధికార మార్గమున ప్రవహించుచున్నది. తనిఖీకి సహకరించవలెను."

నిఘా దళం ముందు డాబా ఎక్కింది. తర్వాత పెరటి గోడ చూసింది. అక్కడేమీ దొరక్క, శేషారత్నం చెయ్యి పట్టుకుని వేలు పొడిచింది. తొంభై ఆరు.

"దొరికినది!" అని అరిచారు త్రివిక్రమరావు గారు. "వినియోగదారుడు తన వ్రేలికి బదులు భార్య వ్రేలిని వాడుచున్నాడు. ఇది స్పష్టముగా పక్క సర్వీసు నుండి లైను లాగుట!"

శేషారత్నానికి ఒళ్ళు మండింది. "ఈయనా? నా వేలు పట్టుకోవడమా? పెళ్ళిలో పురోహితుడు పట్టుకోమన్నాడని చిటికెన వేలు పట్టుకున్నారంతే. మళ్ళీ ఇంతవరకూ పట్టుకున్న పాపాన పోలేదు. రాసుకోండి, అది కూడా రాసుకోండి!"

ఈ లోపల దళంలో ఒకడు వంటింట్లో డబ్బాల మూతలు తీస్తున్నాడు. బియ్యం డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి ఆగిపోయాడు. నెమ్మదిగా పైకి తీశాడు. బంగారు రంగులో, తొడిమ దగ్గర కాస్త ఎరుపెక్కి, ఇల్లంతా ఘుమఘుమలాడిస్తూ ఒక రసం పండు.

వీడియో తీసేవాడు దగ్గరకొచ్చాడు. త్రివిక్రమరావు గారు టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నారు. శేషారత్నం మాత్రం పండుని చూడలేదు. మొగుణ్ణి చూసింది.

"ఇది నా బియ్యంలోకి ఎలా వచ్చింది?"

"బియ్యంలో పెడితే బాగా మాగుతుందనీ..."

"ఎవరి కోసం మాగేశారు?"

భావనారాయణ గారు కాలి బొటనవేలితో గచ్చు గీస్తూ నిలబడ్డారు.

పండుని తెల్లగుడ్డలో మూటగట్టి లక్క ముద్ర వేశారు. చీటీ మీద 'దాచిన లోడు, ఒకటి' అని రాశారు. గోడ మీది మిషనుని ఊడదీసి దాన్నీ మూటగట్టారు. "విచారణ ముగియువరకు సరఫరా నిలిపివేయబడినది. ఫ్యూజు పీకవయ్యా" అన్నారు త్రివిక్రమరావు గారు. ఫ్యూజంటే స్ట్రిప్పులు. ఎల్లమంద స్ట్రిప్పులన్నీ కవర్లోకి ఒంపుకుని, ఖాళీ డబ్బా శేషారత్నం చేతిలో పెడుతూ గొణిగాడు. "అడుగున ఒకటి అతుక్కుపోయి రాలేదండి పిన్నిగారూ. మూత గట్టిగా పెట్టుకోండి, గాలి తగిలితే పాడైద్ది."

జీపులు వెళ్ళిపోయాక శేషారత్నం కేకలేస్తుందని భావనారాయణ గారు ఎదురుచూశారు. ఆవిడ కేకలెయ్యలేదు. అరుగు మీద చతికిలబడింది.

"పండు సంగతి తర్వాత తేలుస్తాను. ముందు ఆ మిషనూ, స్ట్రిప్పులూ తెప్పించండి. చూసుకోకుండా మీరు సూది పొడుచుకుంటుంటే నాకు కాళ్ళూ చేతులూ ఆడవు. ఈసారి వంకాయల బండి ఉంటుందో ఉండదో."

ఆయనకీ భయమేసింది. బజారుకి పోయి స్ట్రిప్పులడిగితే, మందుల షాపతను నవ్వి, ఏ మిషనుకి ఆ స్ట్రిప్పే పడుతుందండీ, మీ కంపెనీ మిషనువి మా దగ్గర దొరకవు అన్నాడు. పాత మిషనుని కొత్తది బిగించిన రోజే కంపెనీ జమ చేసుకుంది; ఇంకోటి ఊరికే దొరికినా, దానికి స్ట్రిప్పుల డబ్బా కొనాలంటే పెన్షను పడాలి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది వ్యవహారం.

విచారణ ఎల్లుండి పొద్దున తొమ్మిదింటికన్నారు. ఆ రోజు భావనారాయణ గారు షుగరు చూసుకోకుండానే ఇన్సులిన్ తీసుకుని, హడావుడిగా రెండు ఇడ్లీలు నోట్లో వేసుకుని, భార్యతో సహా తొమ్మిదికి ముందే ఆఫీసు చేరారు. శేషారత్నం మధ్యాహ్నానికని పెరుగన్నం క్యారియరు తెచ్చింది. గేటు దగ్గర వాచ్‌మన్ దాన్ని ఆపేశాడు.

"లోపలికి కుదరదమ్మా. కేసు తేలేదాకా ముద్దాయి షుగరు మారకూడదంట. సాక్ష్యం తారుమారైద్దంట."

పిలుపు వచ్చేసరికి పదకొండు దాటింది. త్రివిక్రమరావు గారి బల్ల మీద రెండు తెల్లమూటలున్నాయి. ఒకటి మిషను. రెండోది పండు. దాని వాసన ఫ్యాను గాలికి గదంతా తిరుగుతోంది. ఆఫీసులో గుమాస్తాలు ఏదో ఒక వంకతో లోపలికొచ్చి, గట్టిగా ఊపిరి పీల్చుకుని వెళుతున్నారు. ఎల్లమంద సాక్షిగా తలుపు దగ్గర నిలబడ్డాడు.

"భావనారాయణ గారూ, మీ శాంక్షన్డ్ లోడు మూడు వందల ఎనభై ఆరు. మీరు దానికి కట్టుబడి యుండవలెను గదా?"

"డాక్టరు గారు నూట ముప్పై దాటొద్దన్నారు సార్."

"డాక్టరు గారు మన సంస్థయందు అధీకృత అధికారి కారు. తగ్గించుకొనదలచిన, లోడు తగ్గింపునకు దరఖాస్తు చేసుకొనవచ్చును. ఆరు మాసములలో పరిశీలించబడును. అంతవరకు మూడు వందల ఎనభై ఆరును నిలబెట్టవలసిన బాధ్యత వినియోగదారునిదే."

"అంటే ఆరు నెలలూ మామిడిపళ్ళు తినమంటారా సార్?" అని అడిగారు భావనారాయణ గారు. ఆ గొంతులో తొంగిచూసిన ఆశని శేషారత్నం ఒక్క చూపుతో అణిచేసింది.

త్రివిక్రమరావు గారు నిబంధనల పుస్తకం తెరిచి చదవడం మొదలుపెట్టారు. చదివిన ప్రతి క్లాజుకీ ఉపక్లాజు ఉంది, ఉపక్లాజుకి వివరణ ఉంది. పన్నెండయింది. ఒంటిగంటయింది. ఆయన భోజనానికి లేవలేదు. తొలి చౌర్యం కేసు ఆకలిని జయించింది. రెండు కావస్తుండగా భావనారాయణ గారికి పుస్తకంలో అక్షరాలు వినబడటం మానేశాయి. నుదుటి మీద చెమట బొట్లుకట్టింది. ఎదురుగా త్రివిక్రమరావు గారు ఇద్దరయ్యారు, ఇద్దరూ చదువుతున్నారు.

"రత్నం" అన్నారాయన. "చేతులు వణుకుతున్నాయే."

శేషారత్నం తిరిగి చూసింది. వంకాయల బండి నాటి మొహం.

"ఆ మిషనిలా ఇవ్వండి" అని లేచింది.

"అది సాక్ష్యము. ముద్ర తీయుట శిక్షార్హమైన..."

ఆవిడ మూట లాక్కుని గుడ్డ పర్రున చింపింది. లక్క పెళ్ళలు ఫైళ్ళ మీద ఎగిరిపడ్డాయి. సంచిలోంచి డబ్బా తీసి, అడుగున ఉన్న ఆ ఒక్క స్ట్రిప్పునీ మిషనుకి దూర్చింది. గాజులకి వేలాడుతున్న పిన్నీసు విప్పి మొగుడి వేలు పట్టుకుంది. పెళ్ళి తర్వాత మళ్ళీ ఇదే. చుక్క రక్తం అంటుకుంది. మిషను లెక్కపెట్టుకుని, నలభై ఎనిమిది చూపించింది.

"చూచితిరా!" త్రివిక్రమరావు గారు కుర్చీలోంచి లేచారు. "మూడు వందల ఎనభై ఆరు ఎక్కడ, నలభై ఎనిమిది ఎక్కడ! మిషను ఆగిపోవుచున్నదని ఇంతకంటె నిదర్శనం..."

"ఆగిపోయేది మిషను కాదయ్యా, మనిషి!" అని అరిచింది శేషారత్నం. "పంచదారేదీ? గుప్పెడు పంచదార తెండి ఎవరైనా!"

గుమాస్తాలు మొహమొహాలు చూసుకున్నారు. చైర్మన్ గారి ఉత్తర్వు పుణ్యమా అని మూడంతస్తుల ఆఫీసులో పలుకు పంచదార లేదు. ఎల్లమంద క్యారియరు కోసం గేటు వైపు పరుగెత్తాడు. ఆ భవనం మొత్తంలో తీపి అన్నది ఒకే ఒక్క చోట ఉంది, అది ముద్రేసి బల్ల మీద ఉంది.

శేషారత్నం రెండో మూట అందుకుంది.

"సాక్ష్యం! అమ్మా, సాక్ష్యం!" త్రివిక్రమరావు గారు చేతులు చాచారు.

ఆవిడ పండుని అరచేతుల మధ్య నాలుగు పిసుకులు పిసికి, ముచ్చిక పళ్ళతో కొరికి ఆయన నిబంధనల పుస్తకం మీద ఉమ్మేసింది. పండు తీసుకెళ్ళి మొగుడి నోటికి ఆనించింది.

"తినండి. నా తండ్రే, తినండి!"

తినండి అన్న మాట, అదీ మామిడిపండు చూపించి, ఆవిడ నోటివెంట వినడం షుగరొచ్చాక ఇదే మొదలు. భావనారాయణ గారు జుర్రారు. కళ్ళు మూసుకుని జుర్రారు. రసం మోచేతి దాకా కారి, అక్కణ్ణించి ఫైలు మీద బొట్టుబొట్టుగా పడింది. ఆయన జుర్రే చప్పుడొక్కటే వినిపించింది. కాసేపటికి చెమట ఆరింది. వణుకు తగ్గింది. ఇద్దరు త్రివిక్రమరావులు ఒక్కరయ్యారు. ఎల్లమంద క్యారియరుతో ఆయాసపడుతూ వచ్చేసరికి టెంక మాత్రం మిగిలింది.

ఆ తర్వాత శేషారత్నం కుర్చీలో కూలబడి, కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ ఏడుపు చూసి భావనారాయణ గారి గుండె నీరైపోయింది.

"సార్," అన్నారాయన, మూతి తుడుచుకోకుండానే. "ప్రారంభోత్సవం నాడు నేను దొడ్లో మామిడిపండు తిని చెయ్యి కడుక్కోకుండా వచ్చాను. ఆ మూడొందల ఎనభై ఆరులో సగం పండుదే. మా ఆవిడకి భయపడి చెప్పలేదు."

"ఆ రోజు తువ్వాలుకి పసుపు మరకేంటా అని ఇన్నాళ్ళూ అనుకుంటున్నా" అంది శేషారత్నం కొంగులోంచే.

త్రివిక్రమరావు గారికి ఇవేవీ వినబడినట్టు లేదు. ఆయన తన గది, తన బల్ల, తన ముందు కుర్చీ చూసుకుంటున్నారు. ఆ కుర్చీలో ఒక పెన్షనరు ప్రాణం పోయి ఉంటే ఏ క్లాజు కింద జవాబు చెప్పాలో వెతుక్కుంటున్నారు. చెమట ఇప్పుడు ఆయనకి పట్టింది. ముచ్చిక పక్కకి నెట్టి, పుస్తకంలో పేజీలు గబగబా తిప్పి, ఒక చోట ఆగారు. ఆయన మొహం వెలిగింది.

"సరఫరా నిలిపిన ప్రాణాపాయము సంభవించు సర్వీసులు. ఆసుపత్రులు, మంచినీటి పంపులు వగైరా. వీటికి ఏ పరిస్థితులలోను, రీడింగు ఎంత ఉన్నను, ఎంత లేకున్నను, సరఫరా నిలుపరాదు. భావనారాయణ గారూ, ఈ క్షణము నుండి మీరు అత్యవసర సర్వీసు. ఇతనికి స్ట్రిప్పులు ఇచ్చేయవయ్యా! ఇప్పుడే! అన్నీ!"

ఎల్లమంద డబ్బా నింపి, మిషనుతో సహా చేతికిచ్చాడు. శేషారత్నం మూత బిగించి, సంచిలో పెట్టి, సంచిని రెండు చేతులా గుండెకి హత్తుకుంది. దొంగతనం కేసు మాత్రం సాక్ష్యం వాడకంలో ఖర్చయిన కారణాన మూసేశారు. టెంకని విడిగా కవర్లో పెట్టి ముద్రవేసి బీరువాలో దాచారు.

కథ ఇక్కడితో అయిపోయి ఉంటే బాగుండేదని భావనారాయణ గారు ఇప్పటికీ అంటారు.

తర్వాతి సోమవారం ఎల్లమంద మళ్ళీ నిచ్చెనతో వచ్చాడు. గోడకి మిషను పెట్టె యథాస్థానంలో బిగించాడు. దాని పక్కనే ఇంకో అద్దాల పెట్టె బిగించాడు. అందులో వరిగడ్డి పరిచి, ఎత్తుకున్న బిడ్డని దించినట్టు దించాడు, ఒక రసం పండుని. పెట్టెకి సీసం సీలు నొక్కాడు.

"ఇదేంటయ్యా?" అన్నారు భావనారాయణ గారు.

"స్టాండ్‌బై అండి. అత్యవసర సర్వీసుకి లైను పోతే ఆదుకోడానికి ఇంకోటి రెడీగా ఉండాలంట. ఆసుపత్రికి జనరేటరు ఉంటది కదండీ, అట్టా. మీ రీడింగు డెబ్బైకి దిగువన పడితేనే సీలు తియ్యాలి. ఊరికే తీస్తే కేసు. వారం వారం పండు మారుస్తానండి. సీజను అయిపోతే బెల్లమంట."

"మరి పాత పండో?"

"అది కంపెనీ ఆస్తండి. వెనక్కి జమ చేసుకుంటాం" అన్నాడు ఎల్లమంద, ముందుగానే మూతి తుడుచుకుంటూ.

ఇప్పుడు భావనారాయణ గారు రోజూ పొద్దున్నే చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని స్టూలెక్కుతారు. పండు సరిగ్గా ముక్కుకి ఎదురుగా ఉంటుంది. అద్దం సందులోంచి వాసన కూడా వస్తుంది. వేలు పొడుచుకుని, చుక్క అంటించి, ఊపిరి బిగబట్టి అంకె కోసం చూస్తారు. వీధి వీధంతా కూడా చూస్తుంది.

"ఎంతండీ?" అని లోపల్నించి శేషారత్నం అడుగుతుంది.

"నూట పన్నెండు" అంటారాయన, ఇంట్లో ఎవరో పోయిన కబురు చెప్పినట్టు.

"మా తండ్రే! రండి, కాకరకాయ చల్లారిపోతోంది."